4 అక్టోబర్ బతుకమ్మ: హ్రోజా ఊరి కోసం పది నిమిషాలు, పనుల పంపకం

కోఆర్డినేటర్: అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 దాకా హాలు మనదే. బతుకమ్మ, కోలాటం, భోజనాలు ఎప్పటిలాగే. ఈసారి మన వార్సాలో ఉంటున్న ఉక్రెయిన్ కుటుంబాలను కూడా పిలిచాం. భోజనాలకు ముందు ఒక పది నిమిషాలు హ్రోజాను తలచుకుందామని నా కోరిక. మర్నాడు 5వ తేదీకి ఆ ఘోరం జరిగి రెండేళ్లు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. హ్రోజా ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో కుప్యాన్స్క్ వైపు ఉన్న చిన్న పల్లె. ఆ ఘోరానికి ముందు జనం మూడొందల పైచిలుకు. 2022 సెప్టెంబర్ దాకా రష్యా సైన్యం చేతిలోనే ఉండింది. యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి సైనికుణ్ణి మొదట వేరే చోట ఖననం చేశారు. 2023 అక్టోబర్ 5న సొంత ఊరికి తెచ్చి మట్టి చేసి, ఊళ్లోని కెఫేలో అందరూ భోజనాలకు కూర్చున్నారు. మన దినం భోజనాల్లాంటివే. సరిగ్గా అక్కడే క్షిపణి పడింది. 59 మంది పోయారు. 36 మంది ఆడవాళ్లు, 22 మంది మగవాళ్లు, ఒక ఎనిమిదేళ్ల బాబు. ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు పోయిన కుటుంబాలున్నాయి.

వంట టీమ్: మంచి ఆలోచనే అక్కా. కానీ పండగ పూట, అందులోనూ విస్తళ్ల ముందు చావు మాట ఏమిటని పెద్దవాళ్లు నొచ్చుకుంటారేమో.

పూల టీమ్: ఎందుకు నొచ్చుకుంటారమ్మా? ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమాస నాడే కదా మొదలయ్యేది. పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చి, సాయంత్రం పూలు పేరుస్తాం. పండగలో పెద్దల తలపు మనకు కొత్తేం కాదు. కావాలంటే ఆట మొదలెట్టే ముందే పెట్టండి, 3 గంటలకు. అన్నం వేళ వద్దు.

కోఆర్డినేటర్: సరే వదినా, 3 గంటలకే. నాకూ అదే బాగుందనిపిస్తోంది.

పూల టీమ్: ఇంకో మాట. ఉక్రెయిన్‌వాళ్లు పోయినవాళ్లకు సరి సంఖ్యలోనే పూలు పెడతారు, బేసి సంఖ్య బతికున్నవాళ్లకు. బల్ల మీద పెట్టే గుత్తిలో లెక్క చూసుకోండి. బంతిపూలు అయితే మేలు, ఉక్రెయిన్ పల్లెల్లో ఇళ్ల ముందు అవే పెంచుకుంటారు.

పిల్లల టీమ్: బెలూన్లు పగలగొట్టే ఆట తీసేస్తున్నాను. బాంబుల మోతలో బతికొచ్చిన పసివాళ్లు ఉంటారు. డీజే తమ్ముడు కూడా సౌండ్ ఒక్కసారిగా పెంచకూడదు. ప్లీజ్, ఇది మర్చిపోవద్దు.

కోఆర్డినేటర్: తప్పకుండా. తెర మీద మ్యాప్, ఊరి పేరు, తేదీ చాలు. శవాల ఫొటోలు ఒక్కటి కూడా వద్దు. ఖార్కివ్ అంటే మనకు పరాయి ఊరు కాదు. 2022 మార్చిలో అక్కడ చదివే మన మెడికో పిల్లలు ఎలా బయటపడ్డారో వార్సాలో ఉన్నవాళ్లమంతా చూశాం. అప్పుడు వచ్చినవాళ్లలో ఎవరైనా ఇక్కడే ఉంటే రెండు నిమిషాలు మాట్లాడమని అడగండి. ఇష్టం లేకపోతే బలవంతం చేయొద్దు.

హుండీ డబ్బు జనరేటర్లు పంపే మన ఉక్రెయిన్ పొరుగువాళ్లకే ఇద్దాం, రసీదు ఇక్కడే పెడతాను. పోలిష్, ఉక్రెయిన్ భాషల్లో ఆహ్వానం రాయడానికి ఇంకా మనిషి దొరకలేదు. గురువారంలోపు ఎవరు చేస్తారో చెప్పండి.