మురాబహా లాభం మీద జీఎస్టీ కట్టాల్సిందేనా? సంఘం బిల్లు ఎలా వేయాలి?

మోజంజాహీ_లెక్కలు
హైదరాబాద్‌లో ఒక వడ్డీ లేని సహకార సంఘం. సభ్యుల్లో ఒక బేకరీ యజమానికి డెక్ ఓవెన్ కావాలి. సంఘం నగదు అప్పు ఇవ్వదు. ఓవెన్ తనే కొని, లాభం కలుపుకుని, 12 వాయిదాల మీద సభ్యుడికి అమ్ముతుంది. మురాబహా అంటే ఇదే: కొన్న ధరా, వేసుకున్న లాభమూ రెండూ కొనేవాడికి చెప్పి అమ్మడం. ఒకసారి ఖరారైన ధర వాయిదా ఆలస్యమైనా పెరగదు.

లెక్క ఇది. ఓవెన్ 2,00,000. జీఎస్టీ 18 శాతం, 36,000. సంఘం చెల్లించేది 2,36,000. లాభం 24,000. సభ్యుడికి 2,24,000 మీద 40,320 జీఎస్టీ వేసి మొత్తం 2,64,320కి బిల్లు కొట్టాలా? లేక జీఎస్టీ 36,000 దగ్గరే ఆపి, 24,000ని పన్ను లేని రాబడిగా విడిగా చూపొచ్చా? కమిటీ రెండుగా చీలింది. తెలిసినవాళ్లు చెప్పండి.

పన్ను_పట్టిక
ఇందులో చీలడానికేముంది? సంఘం కొన్నది, అమ్మింది. జీఎస్టీ చట్టం సెక్షన్ 15 ప్రకారం విలువ అంటే అమ్మిన ధర, అంటే 2,24,000. 40,320 వేయండి, 36,000 ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి దక్కే క్రెడిట్) తీసుకోండి, తేడా 4,320 కట్టండి. జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్‌లో) బీటుబీ కింద, అంటే రిజిస్టరైన వ్యాపారులకి చేసిన అమ్మకాల కింద, పూర్తి విలువ చూపండి. 24,000ని విడగొట్టి ఎగ్జెంప్ట్ (పన్ను మినహాయింపు) కాలమ్‌లో పెడితే రేపు స్క్రూటినీలో అదే మొదటి ప్రశ్న అవుతుంది. పైగా ఎగ్జెంప్ట్ రాబడి చూపించారంటే రూల్ 42 కింద మీ ఉమ్మడి ఖర్చుల ఐటీసీ కూడా దామాషాలో వెనక్కి కట్టాలి.

సాలార్
అదే బేకరీకి ఫైనాన్స్ కంపెనీ 2,36,000 అప్పిచ్చి 24,000 వడ్డీ తీసుకుంటే ఆ 24,000 మీద పైసా జీఎస్టీ లేదు. జీఎస్టీ మినహాయింపుల 12/2017 నోటిఫికేషన్, అప్పుల వడ్డీ గురించిన 27వ ఎంట్రీ. సభ్యుడు మొత్తం 2,60,000తో బయటపడతాడు. వడ్డీ వద్దనుకున్నందుకు 4,320 జరిమానానా?

ఆ నోటిఫికేషన్‌లో వడ్డీ నిర్వచనం చదవండి. అప్పు తెచ్చుకున్న సొమ్ముతోనే ఆగలేదు, ఏర్పడిన బాకీనీ కలిపింది. వాయిదాల మీద అమ్మితే బాకీ ఏర్పడినట్టే కదా?

పన్ను_పట్టిక
ఎంట్రీ 27 సేవల ఎంట్రీ సార్. మీరు అమ్ముతున్నది ఓవెన్. వాయిదాల అమ్మకం గురించి 102/21/2019 సర్క్యులర్ ఉంది, 2019 జూన్ 28ది. అందులో ఉదాహరణ: 40,000 ఫోను, నెలకి 11,000 చొప్పున 4 వాయిదాలు, ఆలస్యమైతే 500 అదనం. అమ్మినవాడే వాయిదాలిస్తే ఆ అదనం ఫోను విలువలో భాగమేనని తేల్చింది. వేరే సంస్థ అప్పిస్తే మినహాయింపు. మీ సంఘం మొదటి రకం.

సాలార్
ఆ సర్క్యులర్ తేల్చింది 500 గురించి, అంటే ఆలస్యపు అదనం గురించి. 40,000 ఫోను 44,000 ఎలా అయిందో, ఆ 4,000 సంగతేమిటో దాని ప్రశ్న కాదు. మా లాభం ఆలస్యపు రుసుము కాదు. మీరు చూపిస్తున్నది పక్క కేసు.

పన్ను_పట్టిక
500కే మినహాయింపు ఇవ్వనివాళ్లు 4,000కి ఇస్తారా? సెక్షన్ 15(2)(డి) చూడండి. చెల్లింపు ఆలస్యమైనందుకు తీసుకునే వడ్డీ, రుసుము, పెనాల్టీ ఏదైనా విలువలోకే వస్తుంది. మీ సంఘాలు ఆలస్యపు రుసుము వసూలు చేసి దానధర్మాలకి ఇచ్చేస్తాయి. ఎవరికిచ్చినా చేతికి రాగానే దాని మీదా జీఎస్టీ కట్టాలి. అది కట్టకుండా మొత్తం చారిటీ ఖాతాకి మళ్లించడం మామూలైపోయింది.

బేగంబజార్
500 గొడవ ఆపి 4,320 గురించి చెప్పండి.

షార్జా_తెలుగు
యూఏఈలో 2018 జనవరి 1న 5 శాతం వ్యాట్ మొదలైనప్పుడే దీన్ని తేల్చేశారు. షరియా ప్రకారం ధ్రువీకరించిన ఫైనాన్స్‌కి మామూలు ఫైనాన్స్‌తో సమానంగా పన్ను ఉండాలని నిబంధనల్లోనే రాశారు. వస్తువు ధర మీద వ్యాట్ మామూలే, లాభం వాటాకి మినహాయింపు. మలేషియాలో జీఎస్టీ ఉన్న 2015-2018 మధ్య కూడా ఇదే సమానత్వ సూత్రం. బ్యాంకు ఇల్లు కొని మళ్లీ అమ్మడం వల్ల రెండుసార్లు పడే స్టాంపు డ్యూటీని బ్రిటన్ 2003లోనే తీసేసింది.

సాలార్
చూశారా, ముస్లిం దేశం కాని బ్రిటనే చేసింది.

పన్ను_పట్టిక
చట్టం రాసి చేసింది! మన చట్టంలో ఆ వాక్యం లేదు. లేని వాక్యం ఉన్నట్టు రిటర్న్ వేయమని చెప్పే హక్కు మనకి లేదు. చట్టం ఎలా ఉండాలన్నది మీ వాదన, ఎలా ఉందన్నది నా జవాబు.

కర్నూలు_టాలీ
పన్ను సంగతి మీరు తేల్చుకోండి. బిల్లులో తప్పు జరిగేచోటు నేను చెప్తాను, ఎందుకంటే తొంభై శాతం సంఘాలు తట్టుకుని పడేది అక్కడే.

సభ్యుడు షోరూమ్‌కి వెళ్లి మోడల్ ఎంచుకుంటాడు, అలవాటుగా తన జీఎస్టీ నంబరు ఇస్తాడు. డీలర్ సభ్యుడి పేరు మీదే బిల్లు కొట్టేస్తాడు. డబ్బు మాత్రం సంఘం ఖాతా నుంచి వెళ్తుంది. అప్పుడు సంఘానికి కొనుగోలే లేదు, 2బీలో (కొనుగోళ్ల మీద వచ్చే ఐటీసీ చూపే పోర్టల్ పట్టికలో) ఐటీసీ రాదు. సంఘం మళ్లీ 40,320తో బిల్లు కొడితే ఆ మొత్తం జేబులోంచి కట్టాలి. షరియా వైపు చూసినా సంఘం తనది కాని ఓవెన్ అమ్మినట్టే.

డీలర్ ఈ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి) పరిధిలో, అంటే 5 కోట్ల టర్నోవర్ పైన ఉంటే, 24 గంటల్లోపు ఐఆర్ఎన్ (పోర్టల్ బిల్లుకిచ్చే గుర్తింపు నంబరు) రద్దు చేయించి సంఘం పేరు మీద కొత్త నంబరుతో బిల్లు తీసుకోవాలి. రద్దైన నంబరు మళ్లీ పనికిరాదు. 24 గంటలు దాటితే క్రెడిట్ నోటే దారి.

సరైన పద్ధతి: డీలర్ బిల్లులో బిల్-టు (బిల్లు ఎవరి పేరు మీద) సంఘం, షిప్-టు (సరుకు ఎక్కడికి) బేకరీ. సంఘం బిల్లులో బిల్-టు బేకరీ, డిస్పాచ్-ఫ్రమ్ డీలర్ గోడౌను. సరుకు కదిలేది ఒక్కసారే కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) ఒక్కటి చాలు, 2018 ఏప్రిల్‌లోనే దీని మీద వివరణ ఇచ్చారు. టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓవెన్ సీరియల్ నంబరుని బ్యాచ్‌గా పెట్టి ముందు పర్చేజ్, తర్వాత సేల్స్ ఎంట్రీ వేయండి. వరస తప్పితే నెగటివ్ స్టాక్ చూపిస్తుంది. చాలామంది ఆ హెచ్చరికని ఎంటర్ కొట్టి దాటేస్తారు, ఆడిటర్‌కి మొదట కనిపించేది అదే.

సాలార్
కర్నూలు భాయ్ చెప్పింది బంగారం. ఇస్లామిక్ ఫైనాన్స్‌కి ప్రమాణాలు రాసే సంస్థ అయోఫీ, దాని 8వ ప్రమాణం కూడా ఇదే అంటుంది: ముందు సొంతం కావాలి, తర్వాతే అమ్మాలి. ఈ-ఇన్వాయిస్ వచ్చాక అక్నాలెడ్జ్‌మెంట్ మీద తేదీ, సమయం పడుతున్నాయి. కాగితం మీద వెనక తేదీ వేసే కాలం పోయింది. వడ్డీ లేని సంఘాలన్నీ పరిమితితో పనిలేకుండా ఇందులోకి రావాలి.

పన్ను_పట్టిక
రెండు తప్పులు. ఆ సమయం బిల్లు పోర్టల్‌కి ఎప్పుడు ఎక్కిందో చెప్తుంది, ఓవెన్ ఎవరి అధీనంలో ఉందో చెప్పదు. డీలర్ బిల్లు 11:02కి, సంఘం బిల్లు 11:04కి పడితే ఆ రెండు నిమిషాల్లో సంఘం మోసిన రిస్క్ ఏమిటి? రెండోది, 5 కోట్ల లోపు సంఘానికి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కాదు.

బేగంబజార్
4,320 ఐటీసీగా వస్తుంది కదా, ఇంత గొడవెందుకు?

పన్ను_పట్టిక
అదే నేను అడుగుతున్నది. బేకరీకి 40,320 మొత్తం ఐటీసీ దొరుకుతుంది. నష్టం ఎవరికి?

మోజంజాహీ_లెక్కలు
బేకరీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే స్కీమ్‌లో) ఉంది. మొదటి పోస్టులో రాయాల్సింది.

సాలార్
ఇప్పుడు చెప్పండి! కాంపోజిషన్‌లో ఐటీసీ లేదు. 4,320 నేరుగా ఖర్చు. ఈ సంఘాలకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాంపోజిషన్ వాళ్లు, లేదా అసలు రిజిస్ట్రేషన్ లేనివాళ్లు. తెలంగాణలో సరుకుల వ్యాపారానికి కూడా పరిమితి 20 లక్షలే, ఆంధ్రలోలాగా 40 కాదు. పెద్దవాడికి ఐటీసీ, చిన్నవాడికి భారం.

కర్నూలు_టాలీ
రెగ్యులర్ (కాంపోజిషన్‌లో లేని, ఐటీసీ దొరికే) వాళ్లకి కూడా ఇబ్బంది ఉంది, ఎవరూ ఎత్తలేదు. 180 రోజుల రూలు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవాడికి డబ్బు చెల్లించకపోతే, చెల్లించని భాగానికి ఐటీసీ వెనక్కి కట్టాలి. రూల్ 37.

ఏప్రిల్ 1న బిల్లు, మే నుంచి ప్రతినెలా 5న వాయిదా అనుకుందాం. 180 రోజులు సెప్టెంబర్ 28కి నిండుతాయి. అప్పటికి 5 వాయిదాలు వెళ్తాయి, 7 మిగులుతాయి. 40,320లో పన్నెండింట ఏడు వంతులు, అంటే 23,520 తిరిగి కట్టాలి. ఐటీసీ వాడేసి ఉంటే 18 శాతం వడ్డీతో. ఆరు నెలలకి లెక్కేస్తే రెండు వేల పైచిలుకు. తర్వాత ఒక్కో వాయిదా కట్టినప్పుడల్లా ఆ మేరకు 3బీలో (పన్ను కట్టే రిటర్న్‌లో) తిరిగి తీసుకోవచ్చు. కట్టిన వడ్డీ మాత్రం రాదు.

బ్యాంకు అప్పుతో కొంటే డీలర్‌కి మొదటి రోజే మొత్తం వెళ్లిపోతుంది కాబట్టి ఈ తిప్పలు లేవు. వడ్డీ వద్దని వచ్చినవాడు ప్రభుత్వానికి వడ్డీ కడుతున్నాడు.

బేగంబజార్
ఈ రూలు కింద నాకు నోటీసు వచ్చింది. నా అకౌంటెంట్‌కి రూలే తెలియదు.

సాలార్
పన్ను_పట్టిక గారూ, దీనికేమంటారు? ప్రతి పోస్టులో మీది ఒకటే మాట, అమ్మకం అమ్మకం అమ్మకం. మనిషి సంగతి ఒక్కసారైనా ఆలోచించారా?

పన్ను_పట్టిక
ఆలోచించాను కాబట్టే సూటిగా అడుగుతాను, తప్పించుకోకండి. సంఘం ఆదాయపు పన్ను రిటర్న్‌లో 80పీ (సహకార సంఘాల ఆదాయానికి ఇచ్చే మినహాయింపు) క్లెయిమ్ చేస్తుందా?

మోజంజాహీ_లెక్కలు
చేస్తుంది. సభ్యులకి రుణ సౌకర్యం కల్పించే సంఘంగా, 80పీ(2)(ఎ)(ఐ) కింద.

పన్ను_పట్టిక
దొరికింది. ఆదాయపు పన్నుకి రుణ సౌకర్యం. షరియా బోర్డుకి వ్యాపారం. జీఎస్టీకి మళ్లీ రుణం. ఒకే 24,000కి మూడు పేర్లు. సరుకు కొని సభ్యులకి సరఫరా చేసే సంఘాలకి 80పీలో విడిగా క్లాజు ఉంది, కానీ అది వ్యవసాయ పనిముట్లు, విత్తనాలు, పశువులు లాంటివాటికే. బేకరీ ఓవెన్ అందులోకి రాదు. జీఎస్టీలో అమ్మకంగా చూపిన రోజునే 80పీ మీద ప్రశ్న మొదలవుతుంది. 24,000ని విడగొట్టాలని మీ కమిటీలో ఒక వర్గం పట్టుబట్టడానికి అసలు కారణం అదేనని నాకు మొదటి నుంచీ అనుమానం. 4,320 కోసం ఇంత పట్టుదల ఎవరికీ ఉండదు.

సాలార్
అది మోసమన్నట్టు మాట్లాడకండి. రెండు చట్టాలూ మా పద్ధతిని గుర్తించవు, కాబట్టి ఎక్కడ ఏ గడి ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాల్సి వస్తోంది. రఘురామ్ రాజన్ కమిటీ 2008లో వడ్డీ లేని బ్యాంకింగ్‌కి దారి చూపమంది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ప్రతిపాదనని పక్కన పెట్టింది. తలుపు మూసింది మేం కాదు.

పన్ను_పట్టిక
తలుపు మూసినందుకు మీతోపాటు నాకూ బాధే. కానీ ఇది చెప్పండి. డీలర్ గోడౌను నుంచి బేకరీకి వచ్చే దారిలో ఓవెన్ పడిపోయి గాజు తలుపు పగిలి, లోపలి రాతి పలక చిట్లితే నష్టం ఎవరిది? ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది? సంఘం పేరు మీద ఉంటే మీరు వ్యాపారులు, వ్యాపారి పన్ను కట్టాలి. సభ్యుడి పేరు మీద ఉంటే అది అప్పే. అప్పుడు జీఎస్టీ అధికారి కంటే ముందు మీ షరియా బోర్డే ఒప్పుకోకూడదు.

సాలార్
సంఘం పేరు మీదే ఉండాలి. అందులో నాకు రెండో మాట లేదు. నా వాదన వేరు. రిస్క్ మోసే వ్యాపారిగా పన్ను కట్టమంటే కడతాం. కానీ ఇదే అవసరానికి రిస్క్ మోయనివాడికి మినహాయింపు ఇచ్చి, మోసేవాడి మీద 4,320 వేయడం తప్పు. చట్టంలో ఒక్క వివరణ చేరిస్తే చాలు, యూఏఈ చేసినట్టు.

మోజంజాహీ_లెక్కలు
ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీదా లేదు. డీలర్ డెలివరీ తన బాధ్యత అన్నాడు.

కర్నూలు_టాలీ
అది బిల్లు మీద రాయించారా? నోటి మాటైతే లెక్కలోకి రాదు. ఈ ఒప్పందానికి నేనైతే ఇలా చేస్తాను: డీలర్ బిల్లు, పాలసీ రెండూ సంఘం పేరు మీద. బేకరీలో దించాక సంఘం మనిషి సీరియల్ నంబరు చూసి ఫోటో తీసి, రసీదు మీద సమయం వేసి సంతకం చేయాలి. ఆ తర్వాతే సంఘం అమ్మకం బిల్లు, 2,24,000 మీద 18 శాతంతో. ఇందాక నేను చెప్పిన బిల్-టు షిప్-టు ఈ ఒప్పందంలో వద్దు. డీలర్ ఈ-వే బిల్లులో కన్‌సైనీ (సరుకు అందుకునేవాళ్లు) సంఘం, డెలివరీ చిరునామా బేకరీ. ముందు సంఘం అధీనంలోకి వచ్చింది అనడానికి ఆధారం ఉంటుంది.

ఇక మీద రెగ్యులర్ సభ్యులకి ఇచ్చేవైతే వాయిదాలు 5కి కుదించండి, 180 రోజుల గొడవ ఉండదు.

సాలార్
5 వాయిదాలంటే నెలకి 50 వేలు దాటుతుంది భాయ్. చిన్న బేకరీ ఎక్కడ్నుంచి తెస్తుంది?

పన్ను_పట్టిక
ఈసారికి 12 వాయిదాలే ఉంచండి, ఆ బేకరీ కాంపోజిషన్ కాబట్టి 180 రోజుల రూలు దానికి తగలదు. 40,320 వేసి 4,320 కట్టండి. 80పీ సంగతి మాత్రం రిటర్న్ వేసేముందు సంఘం ఆడిటర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి, కమిటీ తీర్మానంతో కాదు.

మోజంజాహీ_లెక్కలు
డీలర్ నిన్నే బిల్లు కొట్టాడట, సభ్యుడి జీఎస్టీ నంబరు మీద. ఐఆర్ఎన్ పడింది సాయంత్రం 6:40కి.

కర్నూలు_టాలీ
ఇప్పుడు టైమ్ 4:15. వెంటనే డీలర్‌కి ఫోన్ చేసి రద్దు చేయమనండి. ఈ-వే బిల్లు కూడా తీసి ఉంటే ముందు అది రద్దు చేయాలి, లేకపోతే ఐఆర్ఎన్ రద్దు కాదు.