స్లాబు రోజు లారీలో నీళ్ళు పోయనివ్వాలా?

బోడుప్పల్ కొత్తిల్లు:
పోయిన నెల మొదటి స్లాబు వేశాం. ప్లాంటులో కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ ట్రాఫిక్‌లో చిక్కుకుని గంటన్నర ఆలస్యంగా వచ్చింది. మాల్ బిగుసుకుందని మేస్త్రీ మిక్సర్‌లోకి పైపు పెట్టాడు. వద్దంటే, ‘పంపు పట్టేస్తే మీరు తోడతారా సార్?’ అన్నాడు. సాయంత్రం నాలుగింటికి పైన సాలెగూడులా సన్నటి పగుళ్ళు కనిపించాయి. రాయిని పగలగొట్టి చేసే రోబో ఇసుక వల్లే అంటాడు మా బావమరిది. సిమెంటు కంపెనీ మార్చమంటారు పక్కింటాయన. గురువారం రెండో స్లాబు. మేస్త్రీని ఆపాలా, వదిలేయాలా?

ముప్పై ఏళ్ళ మేస్త్రీ:
వదిలేయండి. పుస్తకం చదివినవాళ్ళు నీడలో నిలబడి నీళ్ళు వద్దంటారు. మే నెల ఎండలో కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. బిగుసుకున్న మాల్ బీముల్లో కడ్డీల కిందికి దిగదు. సెంట్రింగ్ విప్పాక తేనెతుట్టెలా బొక్కలు, వాటిలోంచి కడ్డీ కనిపిస్తుంది. అప్పుడు ఇంజినీరు రాడు, మమ్మల్నే తిడతారు. నేను వేసిన స్లాబు ఒక్కటీ పడలేదు.

ల్యాబు మనిషి:
మేస్త్రీ గారి మాటల్లో తేనెతుట్టె సంగతి నూటికి నూరు పాళ్ళు నిజం. సందుల్లోకి దిగకుండా బొక్కలు మిగిలిన కాంక్రీటు పలుచటి కాంక్రీటు కన్నా ప్రమాదం. కానీ ‘పడలేదు’ అన్నది కొలమానం కాదండీ. స్లాబు పడదు. పదిహేనేళ్ళకు కడ్డీ తుప్పు పట్టి, కింద పెచ్చులు ఊడతాయి. అప్పటికి మేస్త్రీ ఎక్కడో, ఇంటాయన ఎక్కడో.

లెక్క చూడండి. లారీలో 6 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీళ్ళు అనుకుందాం. అంటే నీళ్ళు సిమెంటు బరువులో సగం, 0.50. అందులో 100 లీటర్లు పోస్తే ఘనపు మీటరుకు దాదాపు 17 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.55 అవుతుంది. బలం సుమారు పదో వంతు తగ్గుతుంది. 100 లీటర్లంటే మన నీలం డ్రమ్ములో సగమే! పైపు పెట్టి ఫోను మాట్లాడుకుంటూ ఉంటే ఎంత పోయిందో దేవుడికే తెలియాలి. సిమెంటు గట్టిపడటానికి వాడుకోగా మిగిలిన నీరు ఆరిపోయి, సూది బెజ్జాలను వదిలి వెళుతుంది. వాన నీరు, గాలి కడ్డీని చేరేది ఆ దారినే. 1918లోనే అమెరికా ఇంజినీరు డఫ్ ఏబ్రమ్స్ ఈ నిష్పత్తి సంగతి తేల్చారు. మనం ఇంకా పైపు దగ్గర తగువు పడుతున్నాం.

మీ పగుళ్ళు వేసిన రోజే వచ్చాయి కాబట్టి తప్పు ఇసుకది కాదు, సిమెంటు కంపెనీదీ కాదు. లోపలి నీరు పైకి తేలేలోపే ఎండా గాలీ పైపొరను ఆరబెట్టేశాయి. అచ్చం చెరువు మట్టి బీటలు వారినట్టే.

రోబో ఇసుక బాధితుడు:
ఇసుకను అంత తేలిగ్గా వదిలేయకండి. మా ఇంటికి వచ్చిన లోడు గుప్పెడు పట్టి నీళ్ళ గ్లాసులో వేస్తే పాలలా మారింది. క్రషర్ బూడిదకు రోబో ఇసుక అని పేరు పెట్టి అమ్మాడు. కరీంనగర్ ఏటి ఇసుకతో పనిచేసిన చేతులకు దీంతో పని సాగదు.

ల్యాబు మనిషి:
మీకు వచ్చింది బూడిదే, ఒప్పుకుంటాను. సరైన రోబో ఇసుక వేరు. గ్రానైటు పలుకులు కోణాలుగా ఉంటాయి, ఏటి ఇసుకలా జారవు. అందుకే అదే జారుడుకు నీళ్ళు కొంచెం ఎక్కువ అడుగుతుంది. కాంక్రీటులో కలిపే మందు (అడ్మిక్చర్), కొలత సరిచూసుకుంటే అది చేసే కాంక్రీటు గట్టిదే. కంకర, ఇసుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016లో సవరించినది, దాన్ని అంగీకరించింది కూడా.

ఇసుకలో అసలు మోసం తడిది. తెల్లారి వాన పడితే, ఘనపు మీటరు కాంక్రీటుకు పట్టే 700 కిలోల ఇసుకలో 5 శాతం తడి అంటే 35 లీటర్లు, ఎవరూ పోయకుండానే చేరినట్టు. పైగా తడి ఇసుక పొంగుతుంది. తట్టలతో కొలిస్తే ఇసుక తక్కువ, నీళ్ళు ఎక్కువ పడతాయి.

ముప్పై ఏళ్ళ మేస్త్రీ:
సరే. గురువారం లారీ బిగుసుకుని వస్తే ఏం చేయాలో చెప్పండి. నీతులు వద్దు.

ల్యాబు మనిషి:
న్యాయమైన ప్రశ్న. ఆర్డరు ఇచ్చేటప్పుడే పంపుకు సరిపడే జారుడు, గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసే మందు అడగాలి. తెల్లవారుజామున మొదలుపెడితే ట్రాఫిక్, ఎండ రెండూ తప్పుతాయి. లోడు వేసిన రెండు గంటల్లో దింపేయాలన్నది నియమం, అందుకే చీటీ మీది సమయం చూడండి. ఇంకా బిగుసుకుని ఉంటే నీళ్ళు కాదు, ప్లాంటు మనిషి కొలిచిన మందు కలిపి మిక్సర్‌ను బాగా తిప్పాలి. రెండు గంటలు దాటితే తిప్పి పంపండి.

ఎంత బిగుసుకుందో కంటితో కాదు, కోనుతో చూడాలి. 300 మిల్లీమీటర్ల ఎత్తు ఇనుప గొట్టం. మూడు దఫాలుగా నింపి, ప్రతి దఫా 25 పోట్లు పొడిచి, నిదానంగా పైకి లాగితే ముద్ద ఎంత కుంగిందో స్కేలు చెబుతుంది. కుప్ప అలాగే నిలబడితే పంపు పట్టేస్తుంది, పళ్ళెంలో పాయసంలా పరుచుకుంటే నీళ్ళు పడ్డట్టు. అయిదు నిమిషాల పని.

పైన నునుపు కోసం పొడి సిమెంటు చల్లనివ్వకండి. తేలిన నీళ్ళను అది పీల్చుకుని, పొరగా లేస్తుంది. నునుపు పట్టిన వెంటనే పాలిథీన్ కప్పండి. మర్నాటి నుంచి గట్లు కట్టి నీళ్ళు నిలపండి. ఎండలో కనీసం 10 రోజులు.

బోడుప్పల్ కొత్తిల్లు:
కోను ఎక్కడ దొరుకుతుంది?

ల్యాబు మనిషి:
నా కారు డిక్కీలో ఉంది. అయిదింటికి వస్తాను, టీ మాత్రం మీది.

ముప్పై ఏళ్ళ మేస్త్రీ:
అది నా సైటే సార్. ఇంటాయన ఇక్కడ రాస్తున్నారని ఇప్పుడే తెలిసింది. రండి, మీ కోనూ చూద్దాం. నీళ్ళ పైపు మాత్రం చుట్టి పక్కన పెట్టుకునే ఉంటాను.