‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్‌పీ: ఏ ప్రింట్ కొనాలి?

అందరికీ నమస్కారం. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) కొందామనుకుంటున్నాను. జాజ్ బాగా వినేవాళ్ల సలహా కావాలి.

1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో మొదటి వైపు రికార్డు చేసిన రోజు టేప్ మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పితే పాట వేగం పెరుగుతుంది, అందుకే పాత ప్రింట్లలో మొదటి వైపున్న మూడు ట్రాకులూ కొంచెం వేగంగా, శ్రుతి పెరిగి వినిపిస్తాయి. 1992లో దీన్ని సరిచేశారు. రెండో వైపుకి ఈ గొడవ లేదు.

సెకండ్ హ్యాండ్‌లో నేను చూసిన అట్టల మీద ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. పాత ప్రింటో, సరిచేసిందో కొనేముందే ఎలా గుర్తుపట్టాలి?

మొదటి ట్రాక్ ‘సో వాట్’లో ఇంట్రో అయ్యాక పాల్ ఛేంబర్స్ బేస్ ఒక మాట అడిగినట్టు వాయిస్తే, బిల్ ఎవాన్స్ పియానో రెండే రెండు కార్డ్స్‌తో బదులిస్తుంది చూడండి, నాకు ప్రాణం అక్కడే ఉంది. ఆ చోట శ్రుతి తేడా చెవికి తెలుస్తుందా? రెండూ విన్నవాళ్లు దయచేసి చెప్పండి.

మోనోనా, స్టీరియోనా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. స్టీరియోలో కోల్ట్రేన్ శాక్సోఫోన్ ఎడమవైపు, క్యానన్‌బాల్ అడర్లీ శాక్సోఫోన్ కుడివైపు విడివిడిగా వినిపించడం నాకు చాలా ఇష్టం. అది వదులుకునేంత గొప్పగా ఉంటుందా మోనో?