ఒక్క చేపకి జబ్బొస్తే మందు మెయిన్ ట్యాంకులోనే వేసేయాలా?

గప్పీగోల:
100 లీటర్ల ట్యాంకు, 14 గప్పీలు, 6 కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్). నిన్న రాత్రి ఒక ఆడ గప్పీ మూతి చుట్టూ దూది అంటించినట్టు తెల్లగా కనిపించింది, పొద్దున్న లేచి చూస్తే వీపు మీద పైరెక్క దగ్గర అడ్డంగా పాలిపోయిన పట్టీ కూడా వచ్చేసింది. ఫంగస్ అనుకున్నా. తెలిసినాయన ఒకరు హీటర్ 30కి పెంచమంటే పెంచా. ఎరిత్రోమైసిన్ ఉంది నా దగ్గర, ట్యాంకులో వేసేయనా? త్వరగా చెప్పండి ప్లీజ్

నీటిబుడగ:
బ్రో ముందు హీటర్ దించు, మిగతాది తర్వాత మాట్లాడదాం. వేడి పెంచడం వైట్ స్పాట్‌కి, అంటే ఒంటి మీద తెల్ల చుక్కలొచ్చే పరాన్నజీవి జబ్బుకి చేసే వైద్యం. వీపు మీద జీను వేసినట్టు పట్టీ, మూతి మీద దూది ఉన్నాయంటే ఇది ఫంగస్ కాదు, కాలమ్నారిస్. బ్యాక్టీరియా. వేడి నీళ్ళలో ఇంకా రెచ్చిపోతుంది, పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. 24 దాకా దించు, ఒక్కసారిగా కాదు మెల్లగా, ఎయిర్ స్టోన్ పెంచు. బ్యాక్టీరియాలో గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని రెండు రకాలు. ఎరిత్రోమైసిన్ ఎక్కువగా పాజిటివ్ వాటి మీద పనిచేసే మందు, చేపలకొచ్చే బ్యాక్టీరియా జబ్బుల్లో చాలావరకు గ్రామ్ నెగటివ్, ఇదీ అంతే. వేసినా వేయనట్టే.

పాతట్యాంకు:
మళ్ళీ మొదలెట్టారా మందుల గోల. ఎవరూ నీళ్ళు టెస్ట్ చేశావా అని అడగరేంటి? ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు ప్రతి ట్యాంకులోనూ ఎప్పుడూ ఉంటాయి, చేప నీరసపడ్డప్పుడే మీద పడతాయి. మా ఏంజెల్ చేపకి తోక సగం కుళ్ళిపోతే నేను ఒక్క చుక్క మందు వేయలేదు, రోజూ 30 శాతం నీళ్ళు మార్చా అంతే, పది రోజులకి తోక అంచున గాజులాగా సన్నటి కొత్త పొర కనిపించింది. అంతకుముందు ఒకసారి మెయిన్ ట్యాంకులో యాంటీబయాటిక్ పోసి చూశాను కూడా. మూడో రోజుకి అమ్మోనియా లేచింది, జబ్బు చేప బాగానే ఉంది, జబ్బు లేనివి నాలుగు పోయాయి. ఫిల్టర్‌లో ఉండి అమ్మోనియాని తినేసేదీ బ్యాక్టీరియానే కదండీ, మంచిదేదో చెడ్డదేదో మందుకేం తెలుసు

నీటిబుడగ:
పాతట్యాంకు గారూ, రెక్క కుళ్ళు మెల్లగా పోయే జబ్బు, దానికి మీ పద్ధతే కరెక్ట్, నేనూ అదే చేస్తా. కానీ ఇది ముదిరితే ఒకటి రెండు రోజుల్లో చేపని తీసుకుపోతుంది. మీరు చెప్పే పది రోజులు దీనికి లేవు. నేను మెయిన్ ట్యాంకులో పోయమని ఎక్కడన్నాను? వేరే డబ్బాలో పెట్టు, కానమైసిన్, నైట్రోఫ్యూరజోన్ కలిపి వాడు, ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసెయ్ లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది, లైటు ఆపు ఎందుకంటే నైట్రోఫ్యూరజోన్ వెలుతురికి పాడైపోతుంది. నైట్రోఫ్యూరజోన్ చేతికి తగలనివ్వకు, గ్లౌజులు వేసుకో.

రెండోబకెట్టు:
నాకొక డౌటు, దీన్ని వేరు చేసేసరికే ఆ బ్యాక్టీరియా నీళ్ళలోకి వచ్చేసి ఉంటుంది కదా, మిగతా 13 సంగతేంటి? అందుకే మూడు నాలుగు చేపల్లో కనిపిస్తే మెయిన్ ట్యాంకుకే మందు వేయాలంటాను నేను, ఫిల్టర్ స్పాంజి తీసి వేరే బకెట్లో ఎయిర్ పెట్టి బతికించుకోవచ్చు. ఒక్కదానికే ఉంటే మాత్రం వద్దు. ఇంకోటి, ఎవరైనా టెట్రాసైక్లిన్ అంటే వినకు, మీ నీళ్ళు కఠినమైనవైతే కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, చేపకి చేరేది కొంచెమే.

ఎర్రతోక:
మొన్న ఇక్కడే ఒకరు రెండు రోజులు మందు వేసి తెలుపు తగ్గగానే ఆపేశారు, వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి అదే మందు పనిచేయలేదు. వేస్తే కోర్సు పూర్తి చేయాలి, లేకపోతే అసలు వేయొద్దు. సంబంధం లేని మాటే గానీ చేతి మీద గాటు ఉంటే ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు. మైకోబ్యాక్టీరియం మరీనమ్ అని ఒకటుంది, 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల్లో కనిపెట్టారు, మనుషులకి వేళ్ళ మీద గడ్డల్లా వస్తుంది, నెలల తరబడి మందులు మింగాలి. చేపకి అది వస్తే మనం వేసే పౌడర్లు ఏవీ దాన్ని కదిలించలేవు.

గప్పీగోల:
అప్‌డేట్. ఆడ గప్పీ రాత్రే పోయింది 😞 ఇంకో రెండు మగవాటికి మూతి తెల్లబడితే వేరే డబ్బాలో పెట్టి నీటిబుడగ చెప్పిన మందే మొదలెట్టా. మెయిన్ ట్యాంకు టెస్ట్ చేశా, అమ్మోనియా 0.5, నైట్రైట్ 0.25 పీపీఎం, రెండూ సున్నా ఉండాల్సినవి. పోయిన ఆదివారం స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడిగా, దాని వల్లనా?

పాతట్యాంకు:
చెప్పానా! క్లోరిన్ నీళ్ళతో కడిగితే ఫిల్టర్ పని అయిపోయినట్టే. ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి దాన్ని.

నీటిబుడగ:
కారణం మీరన్నదే, ఒప్పుకుంటా. అయినా ఇప్పుడు మూతి తెల్లబడ్డ రెండిటికి నీళ్ళు మార్చి ఊరుకోమంటారా?

పాతట్యాంకు:
ఆ రెండిటికీ వేయనీ. ఆ మందు మెయిన్ ట్యాంకు ఛాయలకి రాకూడదు, అంతే నా గొడవ. గోలా, మెయిన్‌లో రోజూ 40 శాతం మార్చు, క్లోరిన్ పోగొట్టే డీక్లోరినేటర్ మర్చిపోకు, మేత సగం చెయ్. నైట్రైట్ ఉంది కాబట్టి లీటరుకి 1 గ్రాము ఉప్పు వేయొచ్చు, కోరీలకి అంత తక్కువైతే ఏం కాదు, మెల్లగా కరిగించి పోయి.

గప్పీగోల:
మందు మొదలెట్టి నాలుగో రోజు. రెండిట్లో ఒకటి ఇవాళ మేత తింది, ఉమ్మేసింది, మళ్ళీ తింది. మూతి మీద దూది పోయి కింద ఎర్రగా ఉంది. రెండోది ఇంకా మూలనే నిలబడి ఉంది. మెయిన్‌లో అమ్మోనియా 0.25కి వచ్చింది, కొత్తగా ఎవరికీ రాలేదు.