డెనిస్ కాంప్టన్ మోకాలిని పాడుచేసింది ఫుట్‌బాలేనా?

స్కోర్‌బుక్:
తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. డెనిస్ కాంప్టన్ (1918-1997) ఎండాకాలం మిడిల్‌సెక్స్ కౌంటీకి, ఇంగ్లండ్‌కి బ్యాటర్. చలికాలం లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కి ఎడమ వింగర్, అంటే ఎడమ అంచున దాడి చేసే ఆటగాడు. 78 టెస్టుల్లో 5,807 పరుగులు, 17 సెంచరీలు, సగటు 50.06. ఫుట్‌బాల్లో 1947-48 లీగ్ టైటిల్, 1950 ఎఫ్.ఏ. కప్ గెలిచిన జట్లలో ఉన్నాడు. నా వాదన ఇదీ: ఆర్సెనల్‌కి ఆడిన లీగ్ మ్యాచ్‌లు మొత్తం 54. ఆ కాస్త ఆట కోసం మోకాలు పోగొట్టుకున్నాడు. ఫుట్‌బాల్ జోలికి పోకపోతే ఈ టెస్టు అంకెలు ఇంకో మెట్టు పైన ఉండేవి.

ఎడమవింగ్:
ఆ 54 మీ వాదనకే అడ్డం వస్తుందండీ. అంత తక్కువ ఆటకి మోకాలు అరిగిపోదు. అది దెబ్బ. 1938లో చార్ల్‌టన్ అనే ఫుట్‌బాల్ క్లబ్ గోల్‌కీపర్ సిడ్ హాబిన్స్‌ని ఢీకొన్నాడు, గొడవంతా అక్కడ మొదలైంది. ఆర్సెనల్‌కే ఆడిన ఆర్థర్ మిల్టన్ కూడా రెండు ఆటలూ ఆడాడు. రెండింట్లోనూ ఇంగ్లండ్ తరఫున దిగిన చివరివాడు ఆయనే. 1958లో మొదటి టెస్టులోనే 104 నాటౌట్ కొట్టాడు. ఫుట్‌బాల్ ఆడినవాళ్లందరి మోకాళ్లూ పోలేదు. పైగా 1938 దెబ్బ తర్వాతే కదా 1947 వచ్చింది! ఒక్క సీజన్‌లో 3,816 పరుగులు, 18 సెంచరీలు. ఈ రెండు రికార్డులూ ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

స్కోర్‌బుక్:
1947నే తీసుకోండి. ఆ సీజన్ చివర ఓవల్‌లో రెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ (మిగతా కౌంటీల ఆటగాళ్ల జట్టు) మీద 246 కొట్టినప్పుడు మోకాలికి గట్టిగా కట్టు కట్టి ఉంది. అప్పుడు కావాల్సింది విశ్రాంతి. ఆ చలికాలం ఇంగ్లండ్ జట్టు వెస్టిండీస్ వెళ్తే కాంప్టన్ అందులో లేడు, ఆర్సెనల్‌కి ఆడాడు.

పాతగ్యాలరీ:
దెబ్బా అరుగుదలా అన్నది సగం ప్రశ్నే. క్యాలెండర్ చూడండి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆగస్టు చివర మొదలై మే దాకా, క్రికెట్ మే నుంచి సెప్టెంబర్ దాకా. రెండూ ఆడేవాడికి ఏడాదిలో ఖాళీ నెల అంటూ లేదు. నీరు పట్టిన మోకాలికి ముందు వాపు దిగాలి, ఆ తర్వాత తొడ కండరం మళ్లీ బలం పుంజుకోవాలి. కండరం చిక్కి ఉండగానే పరిగెడితే బరువంతా కీలు మీదే పడి మళ్లీ వాస్తుంది.

1950లో సరిగ్గా ఇదే జరిగింది. మార్చిలో చెల్సీతో సెమీఫైనల్, ఆర్సెనల్ 0-2 వెనకబడింది. విరామానికి ముందు ఫ్రెడ్డీ కాక్స్ కార్నర్ నేరుగా గోల్‌లోకి తిరిగింది. రెండో సగంలో డెనిస్ కార్నర్ తీసుకున్నాడు. వెనకే ఉండమని కెప్టెన్ జో మెర్సర్ చెప్తున్నా వినకుండా సెంటర్ హాఫ్ (వెనక కాపలా కాసే ఆటగాడు) లెస్లీ, డెనిస్ సొంత అన్న, ముందుకొచ్చి తలతో కొట్టాడు. 2-2. రీప్లే గెలిచారు, ఏప్రిల్ 29న వెంబ్లీలో లివర్‌పూల్‌ని 2-0తో ఓడించారు. ఎంత మంచి ముగింపో! కానీ ఆ వేసవిలోనే మోకాలికి ఆపరేషన్. వెస్టిండీస్‌తో నాలుగు టెస్టుల్లో ఒక్కటే ఆడగలిగాడు, ఓవల్‌లో 44కి రనౌట్. ఆ శీతాకాలం ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టుల్లో 53 పరుగులు, సగటు 7.57. ఇది 1948లో అదే ఆస్ట్రేలియా మీద 562 పరుగులు చేసినవాడి సగటు!

ఎడమవింగ్:
ఆ సిరీస్ విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ 1954లో నాటింగ్‌హామ్‌లో పాకిస్తాన్ మీద 278 కొట్టేనాటికి ఫుట్‌బాల్ మానేసి నాలుగేళ్లయింది. అంటే కోలుకున్నాడు.

పాతగ్యాలరీ:
కోలుకోలేదండీ, సర్దుకున్నాడు. 1955 నవంబర్‌లో మోకాలి చిప్పే తీసేశారు. బావి గిలక గుర్తు తెచ్చుకోండి. తొడ కండరం కాలిని చాచేటప్పుడు మోకాలి చిప్ప ఆ గిలక పని చేస్తుంది. గిలక తీసేసినా తాడు ఉంటుంది, లాగే బలమే తగ్గిపోతుంది. కాంప్టన్ ఆటకి ఆయువుపట్టు రెండు: క్రీజు వదిలి స్పిన్నర్ మీదికి ఉరకడం, మోకాలు వంచి బంతిని ఆఖరి క్షణంలో స్వీప్ చేయడం. రెండింటికీ ఆ బలమే ఆధారం.

హోల్కర్‌అభిమాని:
ఇంతమంది రాశారు, యుద్ధం మాటే ఎవరూ ఎత్తలేదు. 21 నుంచి 27 ఏళ్ల దాకా టెస్టులే లేవు. ఫుట్‌బాల్ తీసుకున్నదానికన్నా యుద్ధం తీసుకున్నదే ఎక్కువ. సైన్యంలో భాగంగా మన దేశంలో ఉన్నప్పుడు, మన సి.కె. నాయుడు కెప్టెన్సీలో ఇండోర్ జట్టు హోల్కర్‌కి ఆడాడు. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి 867 లక్ష్యం పెడితే హోల్కర్ 492 దాకా వచ్చింది, అందులో కాంప్టన్‌వి 249 నాటౌట్. అలాంటి ఇన్నింగ్స్‌లు టెస్టుల్లో రావాల్సిన వయసది.

స్కోర్‌బుక్:
యుద్ధం సంగతి నిజమే, కాదనను. కానీ అది ఆయన చేతిలో లేదు. 1949-50 చలికాలం చేతిలోనే ఉంది. నా 'ఇంకో మెట్టు' మాటని కాస్త తగ్గించుకుంటాను: పోయింది కెరీర్ మొత్తం కాదు, 1950 వేసవి, ఆ ఆస్ట్రేలియా పర్యటన. ఆ రెండూ మాత్రం ఫుట్‌బాల్ ఖాతాలోనే రాస్తాను.

ఎడమవింగ్:
రాయండి. 1956 ఓవల్ టెస్టు మాత్రం పక్కనే రాయండి. మోకాలి చిప్ప లేకుండా తిరిగొచ్చి, ఆస్ట్రేలియా మీద 94, 35 నాటౌట్.