ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే పది నిమిషాలు, డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం – ఫార్మాట్ చేయించాలా?

గోదారిగాలి:
అందరికీ నమస్కారం. 2018లో కొన్న ల్యాప్‌టాప్. ఐ3 7020యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 హోమ్ సింగిల్ లాంగ్వేజ్. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనబడటానికి పది నిమిషాలు, క్రోమ్ తెరుచుకోవడానికి ఇంకో ఐదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర 100 శాతం కిందికి దిగడం లేదు. యాంటీవైరస్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. రిపేరు షాపులో "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తే సరిపోద్ది" అంటున్నారు. నాన్నగారు ఇందులోనే పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్), అను తెలుగు ఫాంట్లతో పెళ్లి కార్డులు, గుడి కరపత్రాలు చేస్తారు. ఆ ఫైళ్లూ, పిల్లల ఫోటోలూ అన్నీ ఇందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. బ్యాటరీ కూడా పోయింది, చార్జర్ పీకితే ఆగిపోతుంది. ఏం చేయమంటారు?

నట్టుబోల్టు:
ఫార్మాట్ మాట కాసేపు పక్కన పెట్టండి. ఆ 100 శాతం అంటే డిస్క్ నిండిపోయిందని కాదు, దానికి ఊపిరి సలపడం లేదని. ఎందుకు సలపడం లేదో ముందు చూడాలి. కారణాలు ప్రధానంగా రెండు.

ఒకటి, 4 జీబీ ర్యామ్ చాలక విండోస్ మాటిమాటికీ డిస్క్ మీదున్న పేజ్‌ఫైల్‌ని (ర్యామ్‌లో పట్టనివి దాచే చోటు) వాడుకోవడం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు చాలావరకు నిమిషానికి 5400 సార్లు తిరిగేవి. ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు. హెడ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగే సమయం కూడా కలిపితే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకి 60 నుంచి 80 దాకా మాత్రమే చదవగలదు. ఆన్ అయిన వెంటనే విండోస్ అప్‌డేట్, డిఫెండర్, సెర్చ్ ఇండెక్సింగ్ మూడూ ఒకేసారి అడిగితే మంచి డిస్క్ కూడా తడబడుతుంది.

రెండోది, డిస్కే చెడిపోతూ ఉండటం. చదవలేని చోటు తగిలితే డిస్క్ దాన్నే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మిగతా పనులన్నీ వెనక వరుసలో నిలబడతాయి.

తేడా తెలుసుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ 0 మీద నొక్కితే యావరేజ్ రెస్పాన్స్ టైమ్, రీడ్ స్పీడ్ కనబడతాయి. 100 శాతం ఉన్నప్పుడు రీడ్ స్పీడ్ పదుల ఎంబీల్లో ఉంటే డిస్క్ నిజంగా పని చేస్తోందని అర్థం. స్పీడ్ అర ఎంబీ కూడా లేకుండా రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లలో ఉంటే రెండో కారణాన్నే గట్టిగా అనుమానించాలి.

తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో దించుకోండి, ఉచితమే. అందులో 05, సీ5, సీ6 అని మొదలయ్యే మూడు వరుసల్లో చివర ఉండే రా వాల్యూస్ ఇక్కడ పెట్టండి. పక్కనే మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ ఎంతో కూడా చెప్పండి.

గోదారిగాలి:
రెస్పాన్స్ టైమ్ 2,900 మిల్లీసెకన్లు, రీడ్ స్పీడ్ 0.3 ఎంబీ. స్లాట్స్ 2లో 1. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో కాషన్ అని ఉంది. 05 దగ్గర 1బీ8, సీ5 దగ్గర 58, సీ6 దగ్గర 58. 01 దగ్గర మాత్రం చాంతాడంత అంకె ఉంది, అది చూసి భయమేసింది.

సెక్టార్‌వాసి:
01 గురించి భయం వద్దు. సీగేట్ డిస్కుల్లో 01, 07 వరుసల్లో పెద్ద అంకెలు రావడం మామూలే. భయపడాల్సింది మిగతా మూడింటికి.

ఆ అంకెలు హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో ఉన్నాయి. ఫంక్షన్ మెనూ, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లో 10 ఎంచుకుంటే మామూలు లెక్కలో చూపిస్తుంది. మీ 1బీ8 అంటే 440, 58 అంటే 88. 05 అంటే ఇప్పటికే చెడిపోయి, డిస్క్ తన దగ్గరున్న స్పేర్ జాగాకి మార్చుకున్న సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు). సీ5 చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఏదీ తేలనివి. సీ6 డిస్క్ తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. మీ నాన్నగారి ఫైళ్లలో ఏదైనా ఆ 88లో పడి ఉండొచ్చు. రెండు అంకెలూ 8తో భాగించబడుతున్నాయి చూడండి. ఈ కాలపు డిస్కుల్లో ఒక్కో భౌతిక సెక్టార్ 4096 బైట్లు, బయటికి మాత్రం 512 బైట్ల ముక్కలుగా లెక్క చూపిస్తాయి. కాబట్టి మొరాయిస్తున్న చోట్లు దాదాపు 11. తక్కువే అనిపించొచ్చు, కానీ ఒకసారి మొదలైతే పెరగడమే తప్ప తగ్గడం అరుదు.

ఇప్పుడు ఫార్మాట్ కొడితే జరిగేది ఇదీ: కొత్త విండోస్ అదే చెడిన డిస్క్ మీద పడుతుంది, నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ ఇదే కథ. ఈలోగా ఫైళ్లు పోతాయి.

డేటా బయటికి వచ్చేదాకా ల్యాప్‌టాప్‌ని మామూలు పనులకి వాడకండి. కటకటమని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేసి, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే. అలాంటి డిస్క్‌ని తిప్పేకొద్దీ లోపలి పళ్లేలు గీసుకుపోతాయి.

క్లిక్‌బాబు:
అన్నా, గంత దూరం ఎందుకు? కమాండ్ ప్రాంప్ట్‌ల చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టుండ్రి, బ్యాడ్ సెక్టార్లు అదే సెట్ చేస్తది. సర్వీసెస్‌ల సిస్‌మెయిన్ (ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లకు తెచ్చిపెట్టేది) ఆపేస్తే 100 శాతం తగ్గుతది.

సెక్టార్‌వాసి:
క్లిక్‌బాబు గారూ, డిస్క్ మంచిదై ర్యామ్ ఒక్కటే తక్కువైతే సిస్‌మెయిన్ ఆపడం కొంత పనిచేస్తుంది. ఇక్కడ పనిచేయదు. చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ సంగతి ఇంకా ప్రమాదం. అది 1 టీబీలో ప్రతి సెక్టార్‌నీ చదువుతుంది. ఈ స్థితిలో ఉన్న డిస్క్ మీద రాత్రంతా నడిచినా పూర్తి కాకపోవచ్చు, చావుబతుకుల్లో ఉన్నదాన్ని పరుగెత్తించినట్టే. పైగా అది బాగుచేసేది ఫైల్ సిస్టమ్ లెక్కల్ని. ఆ క్రమంలో సగం చదవగలిగిన ఫైళ్లను ముక్కలు చేసి పెడుతుంది కూడా. కాపీ అయ్యాక ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు నడుపుకోవచ్చు.

నట్టుబోల్టు:
కాపీ చేసే పద్ధతి చెబుతాను. ముందు కరెంటు సంగతి: బ్యాటరీ లేదన్నారు కాబట్టి చార్జర్‌ని ఇన్వర్టర్ లైన్‌కో, యూపీఎస్‌కో పెట్టండి. మధ్యలో కరెంటు పోతే రాస్తున్న ఫైల్ చెడుతుంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు ఉంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అప్పుడు ముందు దాన్ని తీయించండి, గుచ్చడం, నొక్కడం చేయొద్దు.

విండోస్‌లోంచే కాపీ చేయొచ్చు కానీ, విండోస్ నడవడానికే డిస్క్ సతమతమవుతోంది. వేరే కంప్యూటర్లో రూఫస్ అనే టూల్‌తో లినక్స్ మింట్ (విండోస్‌లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, దాన్నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా అలాగే వాడితే డిస్క్ మీద భారం ఫైళ్లు చదవడం వరకే ఉంటుంది. బూట్ మెనూకి కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల డిస్క్ రీడ్ ఓన్లీగా తెరుచుకుంటే కంగారు వద్దు, మనకి కావాల్సింది చదవడమే.

విండోస్‌లోంచే చేస్తానంటే లాగి వదిలే కాపీ వద్దు, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్ వాడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో రోబోకాపీ అని కొట్టి, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నవి కొటేషన్లలో ఇచ్చి, చివర స్లాష్ ఈ, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1, స్లాష్ ఎక్స్‌జే చేర్చండి. ఆర్, డబ్ల్యూ మరిచిపోవద్దు. అవి ఇవ్వకపోతే చదవలేని ఫైల్ దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, అంటే దాదాపు ఏడాది. ఎక్స్‌జే లేకపోతే యూజర్ ఫోల్డర్‌లోని దొంగ దారుల్లో పడి అదే ఫోల్డర్‌ని మళ్లీ మళ్లీ కాపీ చేస్తుంది.

తిరిగి దొరకనివి ముందు తీయండి: పీఎండీ, పీ65 ఫైళ్లు (పేజ్‌మేకర్‌వి), వాటిలో పెట్టిన బొమ్మలున్న ఫోల్డర్లు. పేజ్‌మేకర్ చాలాసార్లు బొమ్మని తనలో దాచుకోదు, దారి మాత్రమే గుర్తుంచుకుంటుంది. తర్వాత ఫోటోలు. మూడోది అందరూ మరిచిపోయేది, సీ డ్రైవ్ విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. అవి లేకుండా ఆ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనబడతాయి. డెస్క్‌టాప్ మీది ఫైళ్లు మామూలు చోట కనబడకపోతే వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల చూడండి.

గోదారిగాలి:
చాలా థాంక్సండీ. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి తెచ్చాను, ఈ రాత్రికి లినక్స్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడతా. ఇకపోతే కొత్త డిస్క్‌గా ఏది కొనాలి? ఉన్న విండోస్‌ని యథాతథంగా దించే పద్ధతి ఉందా? నాన్నగారి అను సీడీ ఎక్కడుందో తెలియదు. విండోస్ 11 వేసుకోవచ్చా?

పాతబస్తీ పీసీ:
2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని, చిప్‌లతో పనిచేసే డిస్క్) తీసుకోండి, 7 మిల్లీమీటర్ల మందంది. వేగం సెకనుకి 500 ఎంబీ దాకా వస్తుంది. కానీ మీకు తేడా తెలిసేది అక్కడ కాదు, చిన్న ముక్కలు సెకనుకి పదుల వేలల్లో చదవడంలో. కొన్ని మోడళ్లలో పట్టీలాంటి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ కూడా ఉంటుంది. అది సాటాకా ఎన్‌వీఎంఈకా అన్నది మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడకుండా కొనకండి, రెండూ అన్ని స్లాట్లలో పనిచేయవు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తీసుకున్నా ఆన్‌లైన్‌లో తీసుకున్నా బిల్లు తప్పనిసరి, వారంటీకి అదే ఆధారం. 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకే అని కనబడేవన్నీ మోసం. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి సైజు అబద్ధం చెబుతాయి.

ర్యామ్ రెండో స్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి ఇంకో 4 లేదా 8 జీబీ వేయండి. ముందు లోపలున్న స్టిక్ లేబుల్ చూడండి. డీడీఆర్4 అయితే 260 పిన్నులు, డీడీఆర్3ఎల్ అయితే 204. గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. రెండింటిలో ఒకటే కొనగలిగితే ఎస్‌ఎస్‌డీనే ముందు.

మార్చడం కష్టమేమీ కాదు. చార్జర్ తీసి, వెనక మూత విప్పి, మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. రబ్బరు కాళ్ల కింద స్క్రూలు దాగి ఉండొచ్చు. అన్నీ తీశామనుకుని మూత లాగి క్లిప్పులు విరగ్గొట్టుకునేది అక్కడే. పాత డిస్క్‌కున్న రేకు ఫ్రేము విప్పి కొత్తదానికి బిగించండి.

క్లోన్, అంటే ఉన్న విండోస్‌ని యథాతథంగా దించే విషయం. సాధారణ క్లోన్ సాఫ్ట్‌వేర్లు చదవలేని సెక్టార్ తగలగానే ఆగిపోతాయి. క్లోన్‌జిల్లా అనే ఉచిత టూల్‌లో రెస్క్యూ ఆప్షన్ పెడితే దాటుకుంటూ పోతుంది. కానీ కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నది అయితే ఒప్పుకోదు, అంటే 960 జీబీది కూడా చాలదు, 1 టీబీదే కావాలి. పాత పార్టిషన్‌ని కుదించి 500 జీబీలో పట్టిద్దామని చూడకండి, చెడుతున్న డిస్క్ మీద పార్టిషన్ కుదించడం కోరి చిక్కు తెచ్చుకోవడమే. క్లోన్ అయ్యాక మొదటిసారి పాత డిస్క్ తీసేసి ఆన్ చేయండి, రెండింటికీ ఒకే సిగ్నేచర్ (డిస్క్ గుర్తింపు సంఖ్య) ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది. ఆన్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ నడపండి, చెడిన సిస్టమ్ ఫైళ్లుంటే సరిచేస్తుంది.

నన్నడిగితే అను సీడీ దొరికేదాకా వెతికి, కొత్త విండోసే వేయమంటాను. సీడీ దొరక్కపోతేనే క్లోన్. విండోస్ వేసే పెన్‌డ్రైవ్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌కి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ప్రొడక్ట్ కీ అడిగితే లేదని చెప్పి, ఎడిషన్ దగ్గర హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎంచుకోండి. చాలామంది ప్రో నొక్కి, తర్వాత యాక్టివేట్ కావడం లేదని వచ్చి అడుగుతారు. మీ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, సరైన ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది.

విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో తరం నుంచీ కావాలి, మీది ఏడు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అయితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, దానికి 22హెచ్2 వెర్షన్ ఉండాలి. బ్యాంకు పనులు, పిల్లల చదువుకైతే లినక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. అను, పేజ్‌మేకర్ విండోస్‌వి కాబట్టి నాన్నగారికి మాత్రం విండోస్ ఉంచాల్సిందే. ఆ పనికి నెట్ అక్కర్లేదు, వైఫై ఆపేసి వాడుకోవచ్చు.

గోదారిగాలి:
ఫైళ్లన్నీ వచ్చాయి, ఐదారు ఫోటోలు తప్ప. సీడీ కూడా దొరికింది. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో వేసి బ్యాకప్‌కి వాడుకోవచ్చా?

సెక్టార్‌వాసి:
వద్దు. అలాగని ఇప్పుడే పారేయొద్దు, ఆ ఐదారు ఫోటోలకి లినక్స్‌లో డీడీరెస్క్యూ (చెడిన డిస్క్ నుంచి డేటా తీసే టూల్) ఒకసారి ప్రయత్నించవచ్చు. పాత సామాన్లకి వేసేముందు ఫార్మాట్ కొడితే సరిపోదు, డ్రిల్‌తో పళ్లేలకి రంధ్రం పడేలా చేయండి. కొత్త విండోస్‌లో ముందు అను ఫాంట్లు ఎక్కించాకే పీఎండీ ఫైళ్లు తెరవమనండి. పానోజ్ ఫాంట్ మ్యాచింగ్ అని పెట్టె వచ్చిందంటే ఏదో ఫాంట్ తగ్గిందని అర్థం. ఆ ఫైల్‌ని సేవ్ చేయకుండా మూసి, ఏ ఫాంట్ అడుగుతోందో చూసుకుని, ఫాంట్స్ బ్యాకప్‌లోంచి దాన్ని తెచ్చి వేసి మళ్లీ తెరవండి.