ఎంటీ-32 లైటు వస్తుంది, పాట రాదు: కేబుల్ తప్పా?

నల్లగొండ_486
సౌండ్ బ్లాస్టర్ 16 (ఎస్‌బీ16) సౌండు కార్డు ఉన్న పాత 486 కంప్యూటర్‌కు రోలాండ్ ఎంటీ-32, అంటే ఆటల సంగీతం వాయించే బయటి పెట్టె, కలపాలె. జాయ్‌స్టిక్ పోర్టు 12వ పిన్ను డిన్ (గుండ్రటి అయిదు పిన్నుల ప్లగ్గు) 5వ పిన్నుకు, 4వ పిన్ను డిన్ 4కు ఇచ్చిన. ఆట పెడితే చప్పుడు లేదు. డిన్ ప్లగ్గు పాత టేప్‌రికార్డర్‌ది.

సోల్డర్‌పొగ
తమ్మీ, పోర్టు 4వ పిన్ను అంటే గ్రౌండు. దాన్ని డిన్ 4కు ఇస్తే కరెంటు యాడికెల్లి వస్తది? మిడీకి (వాద్యాలకు సంగీత ఆదేశాలు పంపే పద్ధతి) కావాల్సింది 5 మిల్లీఆంపుల కరెంటు, దాంతో ఎంటీ-32 లోపలి ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే భాగం) ఎల్‌ఈడీ వెలగాలె.

పోర్టు 1లో 5 వోల్టులుంటయి. అక్కడికెల్లి 220 ఓమ్స్ పెట్టి డిన్ 4కు తీస్కో. పోర్టు 12ను 74హెచ్‌సీ14 (సిగ్నల్‌ను ఉల్టా చేసే ఇన్వర్టర్లున్న చిప్పు) 1వ పిన్నుకు ఇచ్చి, చిప్పు 2, 3 పిన్నులు కలిపి, చిప్పు 4 నుంచి ఇంకో 220 ఓమ్స్ మీదుగ డిన్ 5కు. ఇన్వర్టర్ ఒక్కటే వాడితే సిగ్నల్ ఉల్టా అయితది. గ్రౌండు డిన్ 2కు, చిప్పు 7కు. 5 వోల్టులు చిప్పు 14కు. మిగిలిన ఇన్‌పుట్లు 5, 9, 11, 13 గాలికి ఇడవకు, గ్రౌండు చెయ్.

టేప్‌రికార్డర్ ప్లగ్గు 180 డిగ్రీలదైతే (పిన్నులు సగం వృత్తంల ఉంటయి) మంచిదే. కానీ పిన్నుల వరుస 1-4-2-5-3. ఎక్కువమంది బోల్తా పడేది ఈడనే. సోల్డర్ చేసే దిక్కు చూస్తే అద్దంల బొమ్మ లెక్క తిరగబడ్తది, ప్లగ్గు మీద చెక్కిన అంకె చూసే అతికియ్.

పాలమూరు_డాస్
వైరింగ్ సరే, ఆట ఏది? ఎస్‌బీ16 యూఏఆర్‌టీ మోడే (వచ్చిన మిడీని అట్లనే పంపుడు) ఇస్తది. పాత ఆటలు కొన్ని రోలాండ్ మిడీ ఇంటర్‌ఫేస్ ఎంపీయూ-401 ఇంటెలిజెంట్ మోడ్ అడుగుతయి, వాటికి ఆ మోడ్‌ను అనుకరించే సాఫ్ట్‌ఎంపీయూ ప్రోగ్రాం ముందుగ లోడ్ చెయ్యాలె. ఈఎంఎం386 లాంటి డాస్ మెమరీ మేనేజర్ లేకుంటే అది నడవదు. హెడ్‌ఫోన్ రంధ్రం లేని పాత ఎంటీ-32 తెరమీద బఫర్ ఓవర్‌ఫ్లో అంటే సాఫ్ట్‌ఎంపీయూల సిస్‌ఎక్స్ (పరికరానికి పంపే ప్రత్యేక మిడీ సందేశాలు) ఆలస్యం స్విచ్చు పెట్టు. ఒకటో ఛానల్ మీద పరీక్ష చేస్తే మోగదు, ఇది 2 నుంచి 10 దాకనే వింటది.

ఇంకోటి: జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, మన 230లో పెట్టకు. 9 వోల్టులు, 1 ఆంపు, నడుమ నెగటివ్ ఉన్నది కొను. సీసీటీవీ అడాప్టర్లు 12 వోల్టులు, నడుమ పాజిటివ్.

నల్లగొండ_486
హెచ్‌సీ14 లేదట, ఎల్‌ఎస్14 ఇస్తమంటున్నరు.

సోల్డర్‌పొగ
నడుస్తది. ఈడ చిప్పు పని కరెంటును లోపలికి గుంజుడే, ఎల్‌ఎస్ 8 మిల్లీఆంపుల దాక గుంజుతది. అదే తీరు 40106 చిప్పు మాత్రం తేకు, 5 వోల్టుల మీద దానికి అంత బలం లేదు.